ధాన్యం లెక్కల డేటాబేస్‌తోనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం ఎలా

నెల్లూరులోనో కావలిలోనో ఒంగోలులోనో ఉంటూ రైసుమిల్లుకో, ధాన్యం కొట్టుకో సాఫ్ట్‌వేర్ చూసుకునే ప్రోగ్రామర్‌కు రోజు తన చేతిలో ఉండదు. తెల్లారగానే కాటా దగ్గర నుంచి ఫోను, చీటీ ప్రింటు కావడం లేదని. పదకొండింటికి గుమాస్తా, నిన్నటి మొత్తంలో తేడా వస్తోందని. సాయంత్రం యజమాని, పోయిన ఏడాది ఇదే నెల లెక్క తీసి ఇవ్వమని. ఈ సందడిలో హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలనుకున్నవారు ఆదివారం కోసం ఎదురుచూస్తారు. ఆదివారం నాడు సర్వర్‌లో డిస్కు నిండిపోతుంది.

విడిగా సమయం దొరకదు కాబట్టి ఆ ఎదురుచూపు మానేయండి. మీ నెత్తిన ఉన్న డేటాబేస్ పనులే అభ్యాసాలుగా పనికొస్తాయి. రోజూ వేధించే తగాదాల్లో ఎక్కువ భాగం ఒకే చోట పుడతాయి: లెక్క కట్టే పనీ, బయటి ప్రపంచాన్ని మార్చే పనీ ఒకే ఫంక్షన్‌లో కలిసిపోయిన చోట. ఆ రెంటినీ విడదీయడమే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ముప్పాతిక వంతు. మిగిలిన పాతిక గురించి తర్వాత చూసుకోవచ్చు.

ముందు కావలసినవి

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అనుకుని చెబుతున్నాను. మొదట రాత్రి బ్యాకప్‌ను తీసుకుని, అదే సర్వర్ మీద కాకుండా మీ సొంత కంప్యూటర్‌లో వేరే పేరుతో తిరిగి నిలబెట్టండి. ఇక ముందు చెప్పే ప్రయోగాలన్నీ దాని మీదే. ఈ పని ఇంతవరకూ ఒక్కసారి కూడా చేయలేదంటే, మీ దగ్గర ఉన్నది బ్యాకప్ కాదు, బ్యాకప్ అనే పేరున్న ఫైలు.

తర్వాత హాస్కెల్ దించుకోండి. జీహెచ్‌సీఅప్ అనే పరికరం కంపైలర్‌ను, దానితోపాటు రాసిన వరుసను వెంటనే నడిపి చూపే జీహెచ్‌సీఐ అనే ప్రయోగశాలను తెచ్చిపెడుతుంది. హాస్కెల్ తొలి నిర్వచనం 1990లో వచ్చింది. ఎఫ్ షార్ప్, ఎలిక్సిర్ కూడా మంచివే, ఉద్యోగాల కోసమైతే అవే మేలు కావచ్చు. నేర్చుకోవడానికి మాత్రం నా ఓటు హాస్కెల్‌కే. మిగతా భాషలు ఫంక్షనల్‌గా రాయనిస్తాయి. హాస్కెల్ మరోలా రాయనివ్వదు. లెక్క కట్టే ఫంక్షన్ చాటుగా గడియారం చూసినా, ఫైలు తెరిచినా దాని టైపులోనే బయటపడుతుంది.

మిల్లు సాఫ్ట్‌వేర్‌ను హాస్కెల్‌లో తిరగరాస్తానని మాత్రం బయలుదేరకండి. అది పైథాన్‌లో ఉంటే పైథాన్‌లోనే, సీ షార్ప్‌లో ఉంటే సీ షార్ప్‌లోనే ఉండనివ్వండి. పాఠం హాస్కెల్‌లో, పని పాత భాషలో.

క్వెరీని ఫంక్షన్‌గా చదవండి

మీరు రోజూ రాసే ఎస్‌క్యూఎల్ సగం ఫంక్షనల్ భాషే. ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన సంబంధాల నమూనా మీద నిలిచిన ఈ భాషలో లూపు తిప్పరు, వేరియబుల్ పెంచరు. ఏం కావాలో చెబుతారు, ఎలా తేవాలో డేటాబేస్ చూసుకుంటుంది.

నిన్నటి కొనుగోళ్ల మొత్తం తీసే క్వెరీని ముందు పెట్టుకోండి. వేర్ భాగం వరుసలను వడకడుతుంది, అది ఫిల్టర్. సెలెక్ట్‌లో స్థూల బరువు నుంచి ఖాళీ లారీ బరువు తీసేసే భాగం ప్రతి వరుసకూ ఒకే లెక్క వర్తింపజేస్తుంది, అది మ్యాప్. గ్రూప్ బై, సమ్ కలిసి అనేక వరుసలను ఒక అంకెకు కుదిస్తాయి, అది ఫోల్డ్. మ్యాప్, ఫిల్టర్ ఎవరికైనా పూటలో పట్టుబడతాయి. ఫోల్డ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. పాత మిల్లుల్లో గుమాస్తా చిట్టా చూసి ఆవర్జాలోకి ఎక్కించేది గుర్తు చేసుకోండి: రైతు ఖాతాలో ఇప్పటిదాకా ఉన్న నిల్వ ఒకటి, చిట్టాలోని కొత్త పద్దు ఒకటి, రెండూ కలిపితే కొత్త నిల్వ. పద్దులు అయిపోయేదాకా అదే. ఫోల్డ్ అంటే అంతే, కలిపే పద్ధతిని మీరు ఇస్తారు.

ఇప్పుడు ఆ చీటీలను సీఎస్‌వీగా తీసి, అదే మొత్తాన్ని జీహెచ్‌సీఐలో ఫిల్టర్, మ్యాప్, ఫోల్డ్‌లతో రాబట్టండి. ఫోల్డ్ కోసం ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ (foldl') వాడండి, ప్రైమ్ లేనిది వద్దు. హాస్కెల్ సోమరి భాష. అవసరం వచ్చేదాకా కూడిక చేయకుండా వాయిదా వేసుకుంటూ పోతుంది, లక్షల వరుసలున్నప్పుడు ఆ వాయిదాల గుట్టే మెమరీని తినేస్తుంది.

రెండు మొత్తాల్లో పైసల తేడా వచ్చిందా? బరువునో డబ్బునో, దశాంశాలను సుమారుగా దాచే ఫ్లోట్‌లో పెట్టారేమో చూడండి. ఫ్లోట్ కూడికలో వరుస మారితే ఫలితం మారవచ్చు. ఆర్డర్ బై లేని క్వెరీకి వరుస గ్యారంటీ లేదు. ఒకే రిపోర్టు రెండుసార్లు తీస్తే చివరి అంకె మారిందని గుమాస్తా అంటే నవ్వకండి, నిజమే కావచ్చు. డబ్బు కాలమ్ న్యూమరిక్‌గానో, పైసల్లో పూర్ణాంకంగానో ఉండాలి.

పుట్టి, క్వింటా, అర్ధ రూపాయి

ఇక్కడ కాస్త నిలబడదాం, మన ప్రాంతపు అసలు సరుకు ఇక్కడే ఉంది.

నెల్లూరులో ధాన్యం బేరం పుట్టి లెక్కన. పుట్టి అంటే 850 కిలోలు, ఎనిమిదిన్నర క్వింటాళ్లు. ప్రభుత్వ మద్దతు ధర మాత్రం క్వింటాకు. 2025-26కు గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర 2,389 రూపాయలు. పుట్టికి ఎంత? 20,306 రూపాయల 50 పైసలు. చీటీ మీద రూపాయల్లోకి సవరించి వేస్తారనుకుందాం.

పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ విలువగా ఇచ్చి రౌండ్ అడగండి, 20,307 వస్తుంది. హాస్కెల్‌లో రౌండ్ అడగండి, 20,306 వస్తుంది. పైథాన్ 3 కూడా 20,306 అంటుంది, జావాస్క్రిప్ట్ 20,307 అంటుంది. ఎవరిదీ తప్పు కాదు. సరిగ్గా సగం దగ్గర కొందరు పైకి తీసుకుంటారు, కొందరు దగ్గరలోని సరి సంఖ్యకు తీసుకుంటారు. చీటీ ఒక చోట, రిపోర్టు ఇంకో చోట రౌండ్ చేస్తే సీజన్ చివర్లో తేడా ఎంతో ఊహించుకోండి. రైతు దగ్గర ఉన్న కాగితం మీద ఒక అంకె, మీ తెర మీద ఒక అంకె ఉంటే, అక్కడ వాదన గణితం గురించి జరగదు.

కాబట్టి ఇలా చేయండి. సేవ్ బటన్ నొక్కితే నడిచే పెద్ద ఫంక్షన్‌ను తెరవండి. అందులో ధర టేబుల్ చదవడం, తేమకు తరుగు తీయడం, మొత్తం కట్టడం, చీటీ దాచడం, ప్రింటు పంపడం అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఇందులోంచి లెక్క ఒక్కదాన్నే బయటికి లాగండి. దానికి అందేవి కిలోల్లో నికర బరువు, క్వింటా ధర, తరుగు నియమం, అంతే. అది ఇచ్చేది పైసల్లో మొత్తం. డేటాబేస్ ముట్టుకోకూడదు, ఈరోజు తేదీ అడగకూడదు, స్క్రీన్ మీద సందేశం వేయకూడదు. ఆ రోజు ధర ఎంతో తెలుసుకోవడం పిలిచేవాడి పని. రౌండింగ్ కూడా ఈ ఒక్క ఫంక్షన్‌లోనే, ఒకే నియమంతో.

తేదీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కోతల్లో తెలుస్తుంది. లారీ నిండుగా కాటా ఎక్కేది రాత్రి పదకొండున్నరకు, ఖాళీ అయి మళ్లీ ఎక్కేది ఒంటిగంటకు. ఆ చీటీ ఏ తేదీది? ఫంక్షన్ లోపలే గడియారం చూస్తే ఈ ప్రశ్నకు జవాబు యాదృచ్ఛికంగా వస్తుంది. తేదీని బయటి నుంచి ఇస్తే, జవాబు ఎవరో ఒకరు ఆలోచించి ఇచ్చినదవుతుంది.

లెక్క విడిపోయాక పరీక్ష ఎంత తేలికో చూడండి. పోయిన రబీ చీటీలన్నిటినీ ఈ ఫంక్షన్ గుండా పంపి, అప్పట్లో దాచిన మొత్తాలతో పోల్చండి. తేడా వచ్చిన ప్రతి చీటీ వెనకా ఎవరూ రాసిపెట్టని నియమం ఒకటి ఉంటుంది: ఫలానా రకానికి తరుగు వేరు, ఫలానా వ్యాపారికి సంచుల బరువు తీయరు. అవన్నీ ఇప్పుడు కాగితం మీదికి వస్తాయి.

అదే లెక్కను హాస్కెల్‌లో కూడా రాయండి. కిలో, క్వింటా, పుట్టి మూడింటికీ న్యూటైప్‌తో మూడు వేర్వేరు టైపులు పెట్టండి. అడుగున ఉండేది ఒక అంకే, నడిచేటప్పుడు అదనపు భారం ఏమీ ఉండదు. కానీ క్వింటా కావలసిన చోట పుట్టి ఇస్తే ప్రోగ్రామ్ కంపైలే కాదు. మీ పాత భాషలో ఇంత కాపలా లేకపోతే కాలమ్ పేర్లలోనైనా కొలత కలపండి. డేటాబేస్‌లో ఎప్పుడూ కిలోలే దాచండి, పుట్టి ప్రింటుకు మాత్రమే. పుట్టి కొలత అన్ని ప్రాంతాల్లోనూ ఒకటి కాదు కాబట్టి 850ని కోడ్ మధ్యలో పాతిపెట్టకుండా బయటి నుంచి ఇవ్వండి.

ఖాళీ లారీ బరువు ఇంకా రాలేదు

లారీ లోపలికి వచ్చింది, ఇంకా దింపలేదు. ఖాళీ బరువు కాలమ్‌లో నల్ ఉంది, అంటే విలువ ఇంకా లేదని గుర్తు. నికర బరువు లెక్క కూడా నల్ అవుతుంది. సమ్ నల్‌లను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. సాయంత్రం మొత్తం తక్కువ వస్తుంది, ఏ ఎర్రరూ రాదు.

ఇంతకన్నా దొంగ బగ్ నాట్ ఇన్‌ది. చెల్లింపు కాని చీటీలు తీయడానికి చెల్లింపుల జాబితాలో లేనివి ఇవ్వమని నాట్ ఇన్‌తో అడుగుతారు. ఆ జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుసా రాదు. అందరికీ చెల్లించేశామని యజమాని సంతోషిస్తాడు. అలాంటి చోట నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి.

హాస్కెల్‌లో దీనికి మేబీ ఉంది. విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అనే మాట టైపులోనే ఉంటుంది. లేనప్పుడు ఏం చేయాలో చెప్పకుండా అంకెను బయటికి తీయడం ఇష్టపడదు. ఈ అలవాటును డేటాబేస్‌కు తెచ్చుకోండి. నల్‌ను అనుమతించే కాలమ్‌ల జాబితా తీసి, ఒక్కొక్కదాన్ని నల్ అంటే ఇక్కడ అర్థం ఏమిటని అడగండి. జవాబు లేని కాలమ్‌కు నాట్ నల్ పెట్టండి. ఖాళీ బరువు లాంటి వాటికి జవాబు ఉంటుంది, అప్పుడు ఇంకా మంచి దారి ఉంది: దింపని లారీలకు ఒక టేబుల్, పూర్తయిన చీటీలకు ఒక టేబుల్. రెండో దానిలో నల్‌కు చోటే ఉండదు.

అప్‌డేట్ చెరపదు

ఫంక్షనల్ భాషల్లో విలువ మారదు అని చదివినప్పుడు చాలామందికి ఇది ఆచరణలో కుదరదనిపిస్తుంది. రోజూ మీరు నడుపుతున్న పోస్ట్‌గ్రెస్ చేసేది అదే. ఒక వరుసను అప్‌డేట్ చేస్తే పాత వరుస అలాగే ఉండి కొత్త వరుస పుడుతుంది. అందుకే ఒకవైపు పెద్ద రిపోర్టు నడుస్తుండగానే మరోవైపు కాటా చీటీలు పడుతుంటాయి, రిపోర్టు తను మొదలైనప్పటి చిత్రాన్నే చూస్తుంది. ఎవరికీ అక్కరలేని పాత వరుసలను తర్వాత వాక్యూమ్ ఊడ్చి, ఆ చోటును కొత్త వరుసలకు అందిస్తుంది. హాస్కెల్‌లో మ్యాప్‌కు (ఇందాకటి మ్యాప్ ఫంక్షన్ కాదు, కీతో విలువను వెతికే పట్టిక) కొత్త విలువ చేరిస్తే కొత్త మ్యాప్ రావడం, పాతది అక్కరలేని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కు వెళ్లడం ఇదే కథ.

ఇది అర్థమైతే నిర్వహణ తేలికవుతుంది. మామూలు అమరికలో, వాక్యూమ్‌ను తనంతట తానే నడిపే ఆటోవాక్యూమ్ కదిలేది చచ్చిన వరుసలు టేబుల్‌లో 20 శాతం, పైన 50 దాటినప్పుడు. పది లక్షల వరుసల టేబుల్‌లో రెండు లక్షలు పేరుకునేదాకా కదలదన్నమాట. తరచుగా మారే పెద్ద టేబుళ్లకు ఆ శాతాన్ని తగ్గించండి, టేబుల్ ఒక్కదానికే మార్చుకోవచ్చు. పీజీ స్టాట్ యూజర్ టేబుల్స్ అనే వ్యూలో చచ్చిన వరుసల అంచనా కనిపిస్తుంది, వారానికోసారి చూడండి. ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసిన కనెక్షన్ ఒక్కటి ఉన్నా, అది చూడగల పాత వరుసలను వాక్యూమ్ ముట్టుకోలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ గుమాస్తా తెరిచి ఉంచిన సవరణ తెర ఇలాంటిదే కావచ్చు.

సర్వర్ నెమ్మదించిందని ఆటోవాక్యూమ్‌నే ఆపేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ట్రాన్సాక్షన్ సంఖ్యలు 32 బిట్లవే, పాతవాటిని వాక్యూమ్ స్థిరపరచకపోతే ఒక దశలో డేటాబేస్ కొత్త రాతలను నిరాకరిస్తుంది.

మీ సొంత టేబుళ్లలోనూ ఈ పద్ధతి పెట్టవచ్చు. రైతుకు ఇచ్చిన మొత్తం తప్పు పడితే అంకె దిద్దకుండా, వ్యతిరేక పద్దు ఒకటి, సరైన పద్దు ఒకటి వేయండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది తర్వాత తవ్వుకోనక్కర్లేదు. అలాగని రైతు ఫోను నంబరు మార్పుకూ చరిత్ర రాయనక్కర్లేదు. డబ్బు, బరువు, నిల్వ, ఈ మూడింటికీ చాలు.

డేటాబేస్ అడిగే నిజాయితీ

పోస్ట్‌గ్రెస్‌లో మీరు రాసే ఫంక్షన్‌కు మూడు ముద్రల్లో ఒకటి ఉంటుంది. ఇమ్మ్యూటబుల్ అంటే ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పటికీ ఒకే జవాబు. స్టేబుల్ అంటే ఒక క్వెరీ నడిచేంతసేపు ఒకే జవాబు. వోలటైల్ అంటే హామీ లేదు, ఏమీ చెప్పకపోతే ఇదే. లెక్కను ఇండెక్స్‌లో వాడాలంటే ఫంక్షన్ ఇమ్మ్యూటబుల్ కావాలి. కొందరు ఇండెక్స్ కోసం అబద్ధపు ముద్ర వేస్తారు. డేటాబేస్ నమ్ముతుంది, తర్వాత ఇండెక్స్ తప్పు జవాబులిస్తుంది. మీ ఫంక్షన్లన్నిటినీ ఒకసారి వరుసగా తీసి ఏ ముద్ర నిజమో రాసుకోండి. స్వచ్ఛమైన ఫంక్షన్ (ఇచ్చిన ఇన్‌పుట్ మీదే జవాబు ఆధారపడేది) అంటే ఏమిటో దీనికన్నా బాగా నేర్పే అభ్యాసం నాకు తెలియదు. మొనాడ్లు అనే హాస్కెల్ భావన మీద వ్యాసాలు అప్పటిదాకా పక్కన పెట్టండి, అవి ఎక్కడికీ పోవు.

టేబుళ్ల మార్పులు

మార్పు ప్రతిదీ సంఖ్య వేసిన ఫైలుగా ఉండాలి, రెండోసారి నడిపినా పాడుచేయకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పులు చాలావరకు ట్రాన్సాక్షన్ లోపలే చేయవచ్చు, మధ్యలో కరెంటు పోతే మొత్తం వెనక్కి వెళ్తుంది. వాడకం ఆపకుండా కాంకరెంట్లీ పద్ధతిలో ఇండెక్స్ కట్టడం మాత్రం ట్రాన్సాక్షన్ లోపల కుదరదు, దాన్ని విడిగా నడపండి.

మీ మొదటి హాస్కెల్ ప్రోగ్రామ్

ఇప్పుడు పనికొచ్చేది ఒకటి రాద్దాం: బ్యాకప్ సరిచూసే ప్రోగ్రామ్.

2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. మిల్లు ఆఫీసులో బల్ల కింద ఉన్న కంప్యూటర్, దాని పక్కనే ఉన్న బ్యాకప్ డిస్కు ఒకే నీళ్లలో మునుగుతాయి. ఒక ప్రతి ఊరి బయట ఉండాలి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు దాన్ని తిరిగి నిలబెట్టి చూసి ఉండాలి.

రాత్రి పీజీ డంప్ అనే పోస్ట్‌గ్రెస్ పరికరంతో కస్టమ్ ఫార్మాట్‌లో ప్రతి తీయండి. అది యూజర్లను, వారి అనుమతులకు మూలమైన రోల్స్‌ను తీయదు, వాటిని పీజీ డంప్ ఆల్‌తో విడిగా తీయాలి. వారానికోసారి టాస్క్ షెడ్యూలర్‌తోనో క్రాన్‌తోనో ఆ ప్రతిని పరీక్ష డేటాబేస్‌లోకి పీజీ రీస్టోర్ చేయించండి. డంప్ తీసేముందు అసలుదాని నుంచీ, నిలబెట్టాక ప్రతి నుంచీ, నిన్నటి వరకు ముగిసిన రోజులకు మాత్రమే, ఒకే క్వెరీతో మూడు కాలమ్‌ల సీఎస్‌వీ తీయండి: తేదీ, చీటీల సంఖ్య, కిలోల మొత్తం.

హాస్కెల్ వైపు రాయవలసింది ముఖ్యంగా ఒక్క ఫంక్షన్: రెండు మ్యాప్‌లు తీసుకుని తేడాల జాబితా ఇచ్చేది. మ్యాప్ కీ తేదీ. ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేకపోవడం ఒక రకం తేడా, రెంటిలో ఉండి అంకెలు కలవకపోవడం మరో రకం. ఈ రెంటికీ ఒక డేటా టైపు రాయండి, కేస్ విడదీసేటప్పుడు ఏదైనా మరిచిపోతే హెచ్చరించమని కంపైలర్‌కు డబ్ల్యూ ఆల్ (-Wall) అనే ఆప్షన్ ఇచ్చి చెప్పండి. ఫైళ్లు చదవడం, ఫలితం అచ్చేయడం మెయిన్‌లో నాలుగైదు వరుసలు, అంతకు మించకూడదు. జాబితా ఖాళీ అయితే ప్రోగ్రామ్ మౌనంగా ముగియాలి. ఖాళీ కాకపోతే తప్పు సంకేతంతో ముగిసి మీకు కబురు పంపాలి.

వెర్షన్ మార్పు

పోస్ట్‌గ్రెస్ పెద్ద వెర్షన్ ఒక్కోదానికి అయిదేళ్ల మద్దతు ఉంటుంది. 13వ వెర్షన్‌కు 2025 నవంబరుతో ముగిసింది, 14కు 2026 నవంబరు గడువు. చిన్న సవరణలు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో వస్తాయి, వాటిని ఆలస్యం లేకుండా వేసేయండి. పెద్ద మార్పును రబీ కోతలు నడిచే మార్చి, ఏప్రిల్ నెలల్లో తలపెట్టవద్దు. ఎడగారు ధాన్యం వచ్చే రోజుల్లోనూ వద్దు. మే చివర్లో పెట్టుకోండి.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుస్తుంటే ఒక హెచ్చరిక. పేర్లను అక్షరక్రమంలో పేర్చే నియమం తరచుగా సిస్టమ్ లైబ్రరీ నుంచి వస్తుంది. లినక్స్‌లో ఆ లైబ్రరీ గ్లిబ్‌సీ, 2018లో వచ్చిన దాని 2.28 వెర్షన్‌తో ఆ క్రమం చాలా చోట్ల మారింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను కొత్త క్రమంతో వెతికితే ఉన్న రైతు పేరు లేదంటుంది. రెండు పదాలు పోల్చే ఫంక్షన్ చూడటానికి స్వచ్ఛంగా ఉన్నా, సిస్టమ్ వెర్షన్ అనే దాగిన ఇన్‌పుట్ ఒకటి దానికి ఉందన్నమాట. టెక్స్ట్ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేయండి.

పెద్ద వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ పరికరం, పాత డేటా ఫైళ్లనే వాడుకునే లింక్ పద్ధతిలో వేగంగా పని ముగిస్తుంది, కానీ కొత్తదాన్ని ఒకసారి మొదలుపెట్టాక పాతదానికి క్షేమంగా తిరిగి వెళ్లలేరు. డిస్కులో చోటుంటే కాపీ పద్ధతే వాడండి. 18కి ముందు వెర్షన్లకు మారితే, క్వెరీకి దారి ఎంచుకోవడానికి డేటాబేస్ దాచుకునే గణాంకాలు వెంట రావు, వెంటనే అనలైజ్ నడపకపోతే క్వెరీలన్నీ నత్తనడక నడుస్తాయి. ఆపైన పాత, కొత్త డేటాబేస్‌ల నుంచి సీఎస్‌వీలు తీసి మీ హాస్కెల్ ప్రోగ్రామ్‌కు ఇవ్వండి. జాబితా ఖాళీగా వస్తే కాటా గదికి ఫోను చేసి చీటీలు మొదలుపెట్టమనండి, పాత డేటా ఫోల్డర్‌ను మాత్రం కొత్తదాని బ్యాకప్ ఒకసారి తిరిగి నిలబెట్టి చూసేదాకా తీసేయకండి.